బ్రూస్ డికిన్సన్ సోలో ఆల్బమ్స్, ఐరన్ మెయిడెన్‌తో గొడవలు: మీ ప్రశ్నలకి కాస్త పెద్ద సమాధానం

మీరు అడిగినవి మూడు. 1993లో సింగర్ బ్రూస్ బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌ని వదిలేయడానికి ఆ బ్యాండ్ బేసిస్ట్ స్టీవ్ హారిస్‌తో గొడవే కారణమా, మెయిడెన్ పేరు లేకపోతే బ్రూస్ సోలోని ఎవరూ పట్టించుకోరని మీ ఫ్రెండ్స్ అంటున్నారు, అది నిజమేనా, సోలో ఆల్బమ్స్‌లో ఏది ముందు వినాలి. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి కలిపే చెప్తాను. నేను ఎటువైపో కూడా ముందే చెప్పేస్తున్నా. మెయిడెన్ అంటే నాకు ప్రాణం, అయినా 90ల్లో మెయిడెన్ చేసిన ఆల్బమ్స్ అన్నిటికంటే 1998లో బ్రూస్ చేసిన ద కెమికల్ వెడ్డింగ్ గొప్పదని గట్టిగా నమ్ముతాను. ఆ సోలో ఏళ్ళు లేకపోతే ఇవాళ మనం చూస్తున్న మెయిడెన్ కూడా ఉండేది కాదు.

గొడవ ఉంది, కానీ అది 1993లో పుట్టింది కాదు, మొదటి నుంచీ ఉంది. 1975లో బ్యాండ్ పెట్టింది హారిస్. పాటల్లో ఎక్కువ భాగం రాసింది హారిస్. వాయించేది బేస్ గిటారే అయినా స్టేజ్ ముందుకొచ్చి, మానిటర్ స్పీకర్ మీద కాలు పెట్టి, ప్రతి లైనూ పెదవులతో అంటూ జనం కళ్ళలోకి చూసేదీ హారిసే. 1981లో పాల్ డియానో స్థానంలోకి శామ్సన్ బ్యాండ్ నుంచి వచ్చిన బ్రూస్ ఏమో, సింగర్ అన్నవాడు స్టేజ్ మధ్యలోనే నిలబడాలి అనుకునే మనిషి. తొలి టూర్లలో ఎవరు ఎక్కడ నిలబడాలన్న దాని మీదే ఇద్దరికీ పడేది కాదు. ఒకే ఒరలో రెండు కత్తులు. కానీ ఆ రోజుల్లో కచేరీలకి అంత ఊపు రావడానికి సగం కారణం ఆ పోటీయే అని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు కూడా ఉండేది. శామ్సన్ నాటి కాంట్రాక్ట్ గొడవల వల్ల 1982లో వచ్చిన ద నంబర్ ఆఫ్ ద బీస్ట్ మీద రచయితగా బ్రూస్ పేరు వేయలేకపోయారు, కొన్ని పాటల్లో అతని చెయ్యి ఉన్నా సరే. పేరు కనిపించడం 1983లో పీస్ ఆఫ్ మైండ్ నుంచి మొదలు. అందులో 'రివలేషన్స్' పూర్తిగా బ్రూస్‌ది, 'ఫ్లైట్ ఆఫ్ ఇకారస్' మెయిడెన్ గిటారిస్ట్ ఏడ్రియన్ స్మిత్‌తో కలిసి రాసింది. ఇకారస్ పాట వేగం దగ్గర హారిస్‌కీ బ్రూస్‌కీ కుదరలేదు. హారిస్ ఇంకా వేగంగా ఉండాలన్నాడు, బ్రూస్ ఆ నిదానమే పాటకి బలం అన్నాడు. స్టూడియోలో బ్రూస్ మాట నెగ్గింది. లైవ్ ఆఫ్టర్ డెత్ అనే కచేరీ ఆల్బమ్‌లో అదే పాట ఎంత పరుగులు పెడుతుందో వినండి. రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే ఈ ఇద్దరి మధ్య తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఆ తర్వాత 1984 ఆగస్టు నుంచి 1985 జూలై దాకా వరల్డ్ స్లేవరీ టూర్. దాదాపు ఏడాది పాటు వారంలో చాలా రాత్రులు అంత ఎత్తు గొంతుతో పాడటం అంటే మాటలు కాదు. అందరూ అలసిపోయారు, బ్రూస్ బాగా డీలా పడిపోయాడు. తర్వాతి ఆల్బమ్‌కి అతను అకూస్టిక్ ధోరణిలో పాటలు తెస్తే మిగతావాళ్ళు వద్దన్నారు. అందుకే 1986లో వచ్చిన సమ్‌వేర్ ఇన్ టైమ్‌లో ఒక్క పాటకీ రచయితగా బ్రూస్ పేరు ఉండదు. ఆల్బమ్‌గా చూస్తే బ్యాండ్ తీసుకున్న నిర్ణయం సరైనదే, 'వేస్టెడ్ ఇయర్స్' లాంటి పాటతో ఏడ్రియన్ ఆ లోటు పూడ్చాడు. కానీ బ్రూస్‌కి ఒక విషయం అర్థమై ఉంటుంది: ఇక్కడ మెయిడెన్ అనే అచ్చుకి సరిపోయే పాటలకే చోటు ఉంది, మిగతావి ఎక్కడో దాచుకోవాలి. నన్నడిగితే సోలో కెరీర్ విత్తనం అక్కడ పడింది, 1990లో కాదు.

ఇక 1989. 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' సినిమాల్లో ఐదో భాగానికి ఒక పాట కావాలని అడిగితే బ్రూస్ తన స్నేహితుడు జానిక్ గెర్స్‌ని గిటార్‌కి పిలిచి 'బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్' చేశాడు. అది బాగా కుదరడంతో కంపెనీ ఒక ఆల్బమే చేయమంది, అలా వచ్చింది 1990లో ట్యాటూడ్ మిలియనేర్. ఈలోపు ఆ సినిమా పాట హారిస్ విన్నాడు, అది మెయిడెన్‌కి కావాలన్నాడు. బ్రూస్ ఇచ్చేశాడు. మెయిడెన్ దాన్ని తమ పద్ధతిలో మళ్ళీ రికార్డ్ చేసి నో ప్రేయర్ ఫర్ ద డయింగ్‌లో పెట్టింది. 1990 క్రిస్మస్ ముందు రోజు సింగిల్‌గా వదిలితే 1991 జనవరి మొదట్లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఇంత చరిత్ర ఉన్న మెయిడెన్‌కి అక్కడ నంబర్ వన్ అయిన సింగిల్ ఇప్పటికీ అదొక్కటే, అది పుట్టింది సోలో పాటగా! 1990లోనే ఏడ్రియన్ బ్యాండ్ వదిలి వెళ్ళిపోతే ఆ ఖాళీలోకి వచ్చింది జానిక్. అతను ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. అంటే బ్రూస్ మొదటి సోలో ప్రయత్నం మెయిడెన్ నుంచి ఏమీ పట్టుకుపోలేదు, ఎదురు ఒక పాటనీ ఒక గిటారిస్ట్‌నీ ఇచ్చింది. మీ ఫ్రెండ్స్‌కి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

మరి 1993లో ఎందుకు వెళ్ళిపోయాడు? 1992 నాటి మెయిడెన్ ఆల్బమ్ ఫియర్ ఆఫ్ ద డార్క్ తర్వాత రెండో సోలో ఆల్బమ్ మొదలుపెట్టాడు, ఒకసారి కాదు, వేర్వేరు మనుషులతో మళ్ళీ మళ్ళీ చేసి పక్కన పడేశాడు. తనకి ఏం కావాలో తనకే తెలియని దశ అది. మెయిడెన్‌లో ఉంటే ఈ వెతుకులాట ఎప్పటికీ పూర్తి కాదని అతనికి అనిపించింది. వెళ్ళిపోతున్నానని చెప్పాక కూడా ముందే ఒప్పుకున్న టూర్ చేయాల్సి వచ్చింది, అసలు చేదు అంతా అక్కడే పెరిగింది. కొన్ని షోల్లో బ్రూస్ మనసు పెట్టి పాడలేదని హారిస్ తర్వాత బహిరంగంగానే అన్నాడు. సింగర్ వెళ్ళిపోతున్నాడని తెలిసి వచ్చిన జనం ముందు వాతావరణమే చచ్చిపోయినట్టు ఉండేదని బ్రూస్ వైపు మాట. రెండింటిలోనూ నిజం ఉంది. విడిపోతున్నామని చెప్పేసి నెలల తరబడి రోజూ రాత్రి ఒకే స్టేజ్ ఎక్కడం ఎవరి వల్లా కాదు, ఆ టూర్ పెట్టుకోవడమే తప్పు. 1993 ఆగస్టు 28న చివరి షో, సైమన్ డ్రేక్ అనే మెజీషియన్‌తో కలిపి టీవీ కోసం తీసింది, దాని చివర్లో బ్రూస్‌ని 'ఐరన్ మెయిడెన్' అనే మేకుల పెట్టెలో పెట్టి చంపేసినట్టు చూపించారు. నాకది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

1994లో బాల్స్ టు పికాసో వచ్చింది. ఇక్కడే కథలోకి రాయ్ జీ వస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో ట్రైబ్ ఆఫ్ జిప్సీస్ అనే బ్యాండ్ గిటారిస్ట్, లాటిన్ లయ తెలిసినవాడు, మెటల్ మీద పిచ్చి ప్రేమ ఉన్నవాడు. అన్నిసార్లు చేసి పారేసిన ఆల్బమ్ చివరికి అతనితో, అతని బ్యాండ్‌తో నిలబడింది. 'టియర్స్ ఆఫ్ ద డ్రాగన్' ఇందులోదే. అది మెయిడెన్ వదిలేయడం గురించే రాశాడని చాలామంది అంటారు. పట్టుకున్న ఒడ్డు వదిలేసి, భయాన్ని దాటి నీళ్ళలోకి దూకే మనిషి పాట అది, అప్పుడు అతనున్న స్థితికి సరిగ్గా సరిపోతుంది, దాన్ని అలా వినడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం అందులో గొంతు వాడిన తీరు ముఖ్యం. హారిస్ రాసే పాటల్లో సింగర్ లైను గిటార్ బాణీ వెంటే నడుస్తుంది, ఒక్క లైన్లో బోలెడన్ని మాటలు కుక్కి ఉంటాయి, ఊపిరి తీసుకునే సందు కూడా దొరకదు. బ్రూస్ తనకి తాను రాసుకున్నప్పుడు మాటలు తగ్గిస్తాడు, కింది స్థాయిలో మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో ఖాళీ వదిలి, ఎక్కడ పైకి లేవాలో అక్కడ మాత్రమే లేస్తాడు. అదే గొంతు, కానీ వేరే మనిషి పాడుతున్నట్టు ఉంటుంది.

స్కంక్‌వర్క్స్ (1996) సంగతి తొందరగా చెప్పేస్తా. సియాటిల్ గ్రంజ్ బ్యాండ్లతో పనిచేసిన జాక్ ఎండినో ప్రొడ్యూసర్, కుర్ర వాయిద్యగాళ్ళు. దీన్ని సోలో ఆల్బమ్‌గా కాకుండా స్కంక్‌వర్క్స్ అనే కొత్త బ్యాండ్ పేరుతో తేవాలని బ్రూస్ కోరిక, కంపెనీ మాత్రం అతని పేరు ఉండాల్సిందే అంది. పాటలు చెడ్డవి కావు, కానీ జుట్టు కత్తిరించుకుని తనది కాని చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది నాకు. ఈ కుర్రాళ్ళతోనే 1994 డిసెంబర్‌లో, యుద్ధం జరుగుతుండగా, ముట్టడిలో ఉన్న సరయెవో నగరంలోకి ట్రక్కులో వెళ్ళి పాడి వచ్చాడు. పెద్ద బ్యాండ్ అయితే ఇన్సూరెన్స్ దగ్గరే ఆగిపోయే పని అది. దాని మీద తర్వాత డాక్యుమెంటరీ కూడా వచ్చింది, సోలో ఏళ్ళని 'ఫెయిల్యూర్' అని కొట్టిపారేసేవాళ్ళు అది తప్పకుండా చూడాలి.

ఇక అసలు చోటుకి వద్దాం. 1997లో యాక్సిడెంట్ ఆఫ్ బర్త్. రాయ్ జీ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఏడ్రియన్ స్మిత్‌ని కూడా తెచ్చుకున్నారు. కవర్ బొమ్మ వేసింది మెయిడెన్ కవర్ల మీద కనిపించే ఎడ్డీ అనే పాత్రని సృష్టించిన డెరెక్ రిగ్స్, ఆ బొమ్మకి పెట్టిన పేరు ఎడిసన్, అంటే ఎడ్డీ కొడుకు అని చెప్పకనే చెప్పడం. మెటల్ నుంచి పారిపోవడం ఆపేసి, మెటల్‌నే తన పద్ధతిలో చేయాలని బ్రూస్ నిర్ణయించుకున్న ఆల్బమ్ ఇది. 'డార్క్‌సైడ్ ఆఫ్ అక్వేరియస్', 'టేకింగ్ ద క్వీన్', 'మ్యాన్ ఆఫ్ సారోస్' మూడూ వరసగా వినండి, ఒకే ఆల్బమ్‌లో ఎన్ని రకాల గొంతులు ఉన్నాయో చూడండి.

ఆ మరుసటి ఏడే ద కెమికల్ వెడ్డింగ్. కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ ప్రపంచం, రసవాదం, రెండూ కలిపి అల్లిన ఆల్బమ్. కవర్ మీద ఉన్నది కూడా బ్లేక్ వేసిన బొమ్మే, 'ద గోస్ట్ ఆఫ్ ఎ ఫ్లీ'. గిటార్లు బాగా కిందికి దించి శ్రుతి చేశారు, ఆ బరువు మెయిడెన్‌లో ఎప్పుడూ వినపడదు, మెయిడెన్ శబ్దం గుర్రాల పరుగులా ఉంటే ఇది నేల కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. 'ద టవర్', 'బుక్ ఆఫ్ థెల్', బ్లేక్ మాటలే తీసుకుని చేసిన 'జెరూసలేం'. పాతకాలపు గాయకుడు ఆర్థర్ బ్రౌన్ మధ్యమధ్యలో బ్లేక్ పంక్తులు చదువుతాడు. పైన హారిస్ పాటల్లో ఊపిరాడదన్నాను కదా, ఇక్కడ బ్రూస్‌కి కావలసినంత చోటు ఉంది, వెనక వాయించేవాళ్ళు అతని గొంతు కోసమే వాయిస్తున్నారు. అదే 1998లో మెయిడెన్ నుంచి వచ్చింది వర్చువల్ ఇలెవెన్. రెండూ విని మీరే చెప్పండి.

ఇక్కడ బ్రూస్ వెళ్ళిపోయాక మెయిడెన్‌లో అతని స్థానంలో పాడిన బ్లేజ్ బేలీ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన ఫ్యాన్స్‌లో చాలామంది అతన్ని చులకనగా మాట్లాడతారు, అది అన్యాయం. అతనిది కింది స్థాయి గొంతు, బ్రూస్ ఎత్తుకి కట్టిన పాటలు రోజూ రాత్రి పాడమంటే ఎవరికైనా కష్టమే. ద ఎక్స్ ఫ్యాక్టర్ (1995) నిండా ఉన్న ఆ చీకటి అతని గొంతు వల్లే వచ్చింది. 'సైన్ ఆఫ్ ద క్రాస్', 'ద క్లాన్స్‌మన్' అతని కాలంలో పుట్టిన పాటలు, బ్రూస్ తిరిగి వచ్చాక 2001 జనవరిలో రాక్ ఇన్ రియో స్టేజ్ మీద ఆ రెండూ పాడాడు, ఆ రాత్రి ఎక్కువగా మోగింది అవే. చెడ్డ పాటలైతే వాటిని పక్కన పెట్టేవాళ్ళు కదా.

1999లో బ్రూస్, ఏడ్రియన్ ఇద్దరూ కలిసి మెయిడెన్‌కి తిరిగి వచ్చారు. హారిస్‌కి మొదట సందేహాలు ఉన్నాయి, మళ్ళీ మధ్యలో వదిలేసి పోతాడేమో అని. మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ కూర్చోబెట్టి మాట్లాడించాడు. బ్రూస్ వైపు నుంచి వచ్చిన పట్టు నాకు చాలా ఇష్టం: పాత పాటలు పాడి డబ్బులు తీసుకుని వెళ్ళిపోవడం కాదు, కొత్త ఆల్బమ్ గొప్పగా ఉండాలి, దానికి బయటి ప్రొడ్యూసర్ కావాలి. అలా కెవిన్ షిర్లీ వచ్చాడు, పారిస్‌లో రికార్డ్ చేశారు, 2000లో బ్రేవ్ న్యూ వరల్డ్ వచ్చింది. జానిక్‌ని పంపించేయకుండా ముగ్గురు గిటారిస్టులతో కొనసాగడం కూడా అప్పుడే. 1993లో వెళ్ళిపోయిన బ్రూస్‌కి ఇలా షరతు పెట్టే స్థాయి లేదు. బయట సొంతంగా రెండు పెద్ద ఆల్బమ్స్ చేసి నిరూపించుకున్నవాడు కాబట్టే సమానంగా కూర్చుని మాట్లాడగలిగాడు. అందుకే ఆ ఏళ్ళు వృథా అనే మాట నేను ఒప్పుకోను.

విమానం సంగతి కూడా అంతే. పైలట్‌గా అతను సంపాదించిన లైసెన్స్ బ్యాండ్ పనిలో భాగం కాదు, కానీ 2008లో ఎడ్ ఫోర్స్ వన్ అని పేరు పెట్టిన బోయింగ్ 757లో బ్యాండ్‌నీ సామాన్లనీ వేసుకుని ప్రపంచం తిప్పింది ఆ చదువే. ఆ టూర్ మొదటి షో మన దేశంలోనే, ఫిబ్రవరి 1న ముంబైలో. అంతకు ముందు ఏడాది మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ మొదటిసారి ఇండియాలో ఆడినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులెక్కి వెళ్ళినవాళ్ళకి ఆ రోజు ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన భాగం. 2015లో వచ్చిన మెయిడెన్ ఆల్బమ్ ద బుక్ ఆఫ్ సోల్స్‌లో మొదటి పాట 'ఇఫ్ ఎటర్నిటీ షుడ్ ఫెయిల్'. ఇది కూడా మొదట బ్రూస్ తన సోలో ఆల్బమ్ కోసం రాసుకున్న పాటే. హారిస్ విన్నాడు, కావాలన్నాడు. 1989లో జరిగిందే మళ్ళీ జరిగింది. పాట చివర్లో ఒక గొంతు తన పేరు నెక్రోపోలిస్ అని చెప్పుకుంటుంది, మెయిడెన్ కథల్లో ఎక్కడా లేని పేరు, చాలామందికి అదేమిటో ఏళ్ళ తరబడి అర్థం కాలేదు. 2024 మార్చి 1న బ్రూస్ ద మాండ్రేక్ ప్రాజెక్ట్ వచ్చాక, దానితో పాటు కామిక్స్ వచ్చాక తెలిసింది, నెక్రోపోలిస్ అనేవాడు ఆ సోలో కథలో పాత్ర అని. పైగా బ్రూస్ ఆ పాటని వదిలేయలేదు, 'ఎటర్నిటీ హాజ్ ఫెయిల్డ్' పేరుతో తన ఆల్బమ్‌లో తన పద్ధతిలో పెట్టుకున్నాడు. మొదటిసారి పాట ఇచ్చిన తర్వాత మూడేళ్ళకి మనిషే వెళ్ళిపోయాడు. రెండోసారి పాటా ఇచ్చాడు, బ్యాండ్‌లోనూ ఉన్నాడు, తొమ్మిదేళ్ళు ఆగి తన పాట తనూ పాడుకున్నాడు. బుక్ ఆఫ్ సోల్స్ విడుదలకి ముందు బ్రూస్‌కి నాలుక మీద క్యాన్సర్ వచ్చి తగ్గడం కూడా జరిగింది, అందుకే ఆ విడుదల ఆలస్యమైంది. ఆ ఆల్బమ్ చివర 18 నిమిషాల 'ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్', పూర్తిగా బ్రూస్ రాసింది, పియానో కూడా అతనిదే. 1986లో అతని పాటలన్నీ వద్దన్న బ్యాండ్ 2015లో తన చరిత్రలో అతి పొడవైన పాటని అతని చేతికి వదిలేసింది. హారిస్ కూడా మారాడు, అతనికీ 2012 నుంచి బ్రిటిష్ లయన్ అనే సొంత బ్యాండ్ ఉంది. ఇప్పుడు ఎవరి పక్కపని ఇంకొకరికి ద్రోహంలా కనపడట్లేదు.

మెయిడెన్ పేరు లేకపోతే ఎవరు వింటారు అనే మాటకి నా జవాబు ఇది: మెయిడెన్ స్టేడియాలు నింపుతుంది, బ్రూస్ సోలో షోలు చాలా చిన్న చోట్లలో జరుగుతాయి, అది నిజం, పేరు వల్ల కొంతమంది వస్తారన్నదీ నిజం. కానీ కెమికల్ వెడ్డింగ్ వచ్చినప్పుడు అతను మెయిడెన్‌లో లేడు, తిరిగి వెళ్తాడని ఎవరికీ తెలియదు, అయినా ఆ ఆల్బమ్ గురించి మనం ఇన్నేళ్ళ తర్వాత కూడా మాట్లాడుకుంటున్నాం.

వినే వరస అడిగారు. యాక్సిడెంట్ ఆఫ్ బర్త్‌తో మొదలుపెట్టండి, మెయిడెన్ అలవాటైన చెవికి దగ్గరగా ఉంటుంది. రెండోది కెమికల్ వెడ్డింగ్, మొదటిసారి బరువుగా అనిపించినా సాహిత్యం చదువుతూ ఇంకోసారి వినండి. తర్వాత టైరనీ ఆఫ్ సోల్స్ (2005), బ్రూస్ మెయిడెన్ టూర్లలో ఉండగా రాయ్ జీ పంపిన ట్రాక్స్ మీద కట్టుకున్న పాటలు, అందులో 'నావిగేట్ ద సీస్ ఆఫ్ ద సన్' వదలొద్దు. ఆ తర్వాత మాండ్రేక్ ప్రాజెక్ట్, అందులోనూ చివరి పాట 'సొనాటా' రాత్రి హెడ్‌ఫోన్స్‌లో. ట్యాటూడ్ మిలియనేర్, స్కంక్‌వర్క్స్ ఇంకా ఆసక్తి ఉంటేనే. బాల్స్ టు పికాసోకి మాత్రం 2025లో మోర్ బాల్స్ టు పికాసో పేరుతో కొత్తగా చేసిన రూపం వచ్చింది, ముందు 1994 నాటిది విని, పాటలు బాగా అలవాటయ్యాక కొత్తది పెట్టుకోండి, లేకపోతే ఏం మారిందో తెలియదు.